ఊపిరాడని షెడ్డులో ప్రాణాయామం

మా పెద్దమ్మకు కోపం ఎప్పుడొస్తుందని ఎవరైనా అడిగితే, "ఎప్పుడు పోతుందో అడగండి, అదైనా చెప్పగలనేమో" అనేవాడు మా పెదనాన్న. ఆవిడ మా అమ్మకు అక్క. చొక్కాల ఫ్యాక్టరీలో ఇస్త్రీ పని. నేను అదే ఫ్యాక్టరీలో ప్యాకింగ్ బల్ల దగ్గర చేరేనాటికే ఆవిడ కణతల దగ్గర జుట్టు తెల్లబడింది. అక్కడ అందరూ ఆవిణ్ణి రుసరుసలక్క అనేవాళ్ళు. చాటుగా కాదు, ఎదురుగానే. ఆవిడా పలికేది. "రుసరుసలక్కా, ఈ కాలరు కాస్త చూడవా" అంటే, "నీ కళ్ళేమైనా నెత్తిమీదున్నాయా? ఇలా ఏడువు" అని లాక్కుని, ఆవిరి కొట్టి, బొటనవేలితో అంచు నొక్కి, కొత్తదానిలా చేసి విసిరేది.

ఆవిడ యోగా నేర్చుకుంది. కోపం తగ్గడానికి నేర్చుకుందని అనుకుంటారు విన్నవాళ్ళంతా. తప్పు. కోపంతోనే మొదలుపెట్టింది, కోపంతోనే నేర్చుకుంది.

మేం పనిచేసేది పొడవాటి రేకుల షెడ్డు. ఒక పక్క ఇస్త్రీ బల్లలు, ఒక పక్క మా ప్యాకింగ్, చివరి మూలలో మరకలు తీసే బల్ల. కుట్టేటప్పుడు చొక్కాకి మిషన్ నూనె అంటుతుంది, సుద్ద గీత పడుతుంది. ఆ మూల బల్ల దగ్గర కూర్చున్న మనిషి చిన్న తుపాకీ లాంటిదాంతో మందు కొడుతుంది. మరక కళ్ళముందే మాయమవుతుంది. మందు మాత్రం మాయం కాదు, గాల్లో ఉంటుంది. మొదట తియ్యటి వాసన. కాసేపటికి నాలుక వెనక చేదు.

ఒకప్పుడు రెండు పక్కలా కిటికీలుండేవి. ఒకసారి తెల్ల చొక్కాల లోడు మీద దుమ్ము పడిందని కొన్నవాళ్ళు తిప్పి పంపారు. దాంతో మేనేజరు కిటికీలన్నిటికీ మందపాటి ప్లాస్టిక్ పట్టా వేయించి, చెక్కపట్టీలతో మేకులు దిగ్గొట్టించాడు. గాలి బయటికి లాగే పెద్ద ఫ్యాను అప్పటికే బిగుసుకుపోయింది. అది తిరగకపోగా దాని సందులోంచి దుమ్ము వస్తోందని, ఆ కన్నంలో అట్టముక్కలు కుక్కారు. మేనేజరు గది మాత్రం అద్దాల గది, లోపల ఏసీ. బయటికొస్తే చాలు, ఆయన కళ్ళజోడు మీద ఆవిరి పట్టేసేది. తుడుచుకుంటూ రెండడుగులు వేసి మళ్ళీ లోపలికి పోయేవాడు. అందుకే ఆయన్ని మంచుబాబు అనేవాళ్ళం.

పెద్దమ్మ ఆ అద్దాల తలుపు తోసుకుని వెళ్ళని వారం లేదు.

"ఆ ఫ్యానెప్పుడు బాగుచేయిస్తారు బాబూ?"

"చూద్దామమ్మా."

"చూడ్డానికేముంది? వచ్చి ఒక్కసారి పీల్చండి, తెలుస్తుంది."

"మీకెప్పుడూ తగువే. మిగతావాళ్ళెవరూ అడగడం లేదే?"

మిగతావాళ్ళం అడగలేదు, నిజమే. తలనొప్పికి బిళ్ళ వేసుకుని, డోకు వస్తే బయటికెళ్ళి కక్కుకుని, మొహం కడుక్కుని వచ్చి పని చేసుకునేవాళ్ళం. పెద్దమ్మ మా మీద కూడా నిప్పులు చెరిగేది. "నోళ్ళు కుట్టేశారా మీకు? ఆ మేకులు కొట్టినవాడే మీ పెదాలకు కూడా కొట్టాడా?"

మూల బల్ల దగ్గర ఉండే పిల్లని మరకలమ్మాయి అనేవాళ్ళం. పాతికేళ్ళుంటాయేమో. తనకి చోటు ఎక్కువ అక్కర్లేదన్నట్టు భుజాలు ముడుచుకుని కూర్చునేది. ఒకరోజు బల్ల మీదే తల వాల్చింది. నిద్రపోతోందనుకుని సూపర్‌వైజరు కసిరాడు. పలకలేదు. నలుగురం మోసుకెళ్ళి బయట పడుకోబెట్టాం. ఫ్యాక్టరీ నర్సు వచ్చి కళ్ళు లాగి చూసి, నీళ్ళలో గ్లూకోజు కలిపి తాగించి, "ఒంట్లో శక్తి లేదు, అంతే" అంది.

అంతే అన్న ఆ మాట మంచుబాబుకి వరంలా దొరికింది. ఆ తర్వాతి వారానికే షెడ్డులో బ్యానరు కట్టించాడు. "మన ప్రాణశక్తిని మనమే పెంచుకుందాం" అని పెద్ద పెద్ద అక్షరాలు. కింద కళ్ళు మూసుకుని నవ్వుతున్న ఒకమ్మాయి బొమ్మ. రోజూ భోజనం బెల్లులో సగం సేపు యోగా క్లాసు. రానివాళ్ళ పేర్లు రాసుకుంటామని సూపర్‌వైజరు చెప్పాడు.

పెద్దమ్మ బ్యానరు చదివి, చేతిలో డబ్బా మూత తియ్యకుండానే నిలబడిపోయింది. "ఫ్యాను బాగుచేయించమంటే మా ముక్కులు బాగుచేయిస్తాడట! అదీ నా తిండి టైములో!"

యోగా నేర్పడానికి వచ్చినావిడ మనిషి మంచిదే, అబద్ధమెందుకు. సన్నగా, నిటారుగా ఉండేది, నెమ్మదిగా మాట్లాడేది. టీచరమ్మ అనేవాళ్ళం. చినిగిన అట్టపెట్టెలు విప్పి నేలమీద పరిచాం. అవే మా చాపలు. మొదటిరోజు వెన్ను నిలబెట్టి కూర్చోమని, కళ్ళు మూసుకోమని, లోపలికి వెళ్ళే గాలిని గమనించమని చెప్పింది.

"ఏ గాలి?" అంది పెద్దమ్మ.

ఎవరో కిసుక్కున నవ్వారు. టీచరమ్మ నొచ్చుకోలేదు. "ప్రాణమంటే గాలి ఒక్కటే కాదమ్మా. ఊపిరి బండి లాంటిది. పైకి కనిపిస్తుంది, వినిపిస్తుంది. ప్రాణం అందులో ఎక్కి వచ్చేది. చాలా సూక్ష్మంగా ఉంటుంది. మనసు మెత్తబడితేనే తెలుస్తుంది."

"బండి పొగలో ఇరుక్కుంటే, ఎక్కినావిడ సంగతేంటి?"

"మీ మనసు ఎదురు తిరుగుతోందమ్మా. ముందు దాన్ని వదిలెయ్యండి."

ఆ మాటకి పెద్దమ్మకి అరికాలి మంట నెత్తికెక్కింది. ఇంటికి వచ్చేదాకా దారంతా అదే. "నా మనసు ఎదురు తిరుగుతోందట! తిరగదా మరి? దానికీ ముక్కుంది!"

అయితే ఆవిడలో ఒక గుణముంది. దేన్నైనా తిట్టాలంటే దాన్ని పూర్తిగా తెలుసుకుని తిడుతుంది. తెల్లవారి పెదనాన్న లేవకముందే డాబా మీదికెళ్ళి, నీళ్ళ ట్యాంకుకి పక్కగా గోనెపట్టా వేసుకుని కూర్చుంది. టీచరమ్మ చెప్పినట్టే ఒక చెయ్యి పొట్టమీద పెట్టుకుని, ఊపిరి వదలడం, వదిలాక మళ్ళీ తీసుకునేలోపు ఉండే ఆ చిన్న ఖాళీలో ఆగడం. ఇదంతా బూటకమని నిరూపించాలనే పంతం. తర్వాత నాకు తనే చెప్పింది.

చాలా రోజులు ఏమీ లేదట. మోకాళ్ళ నొప్పి, దోమలు, కింద వీధిలో పాలవాడి బండి చప్పుడు. ఒకరోజు మాత్రం ఊపిరి పూర్తిగా బయటికి వెళ్ళిపోయాక, అరచేతుల్లో ఏదో మెల్లగా నిండినట్టు అయిందట. వెచ్చగా, బరువు లేకుండా. ఇస్త్రీ బల్లలో ఆవిరి బట్టలోకి దిగే ముందు చప్పుడు లేకుండా పాకుతుందే, అలా అంది. అది బొడ్డు కిందనుంచి వెన్నులోకి, మెడ దాకా వచ్చి, మళ్ళీ ఊపిరి తీసుకోగానే కరిగిపోయిందట.

"గాలి కాదే అది," అంది నాతో, మొహం చిట్లించుకుని, ఒప్పుకోవడం ఇష్టం లేనట్టు. "గాలి ముక్కులో ఉంది. ఇది కాళ్ళలో కూడా ఉంది. గాలి ఆగినప్పుడు కూడా ఉంది. నేనే అది, ఇన్నాళ్ళూ నాకే తెలీకుండా."

ఆనందించాల్సింది కదా. ఆవిడకి ఇంకా కోపమొచ్చింది. "ఇంత ఉందే నాలో! ఇంత పెట్టుకుని, రోజంతా ఆ రేకుల గొట్టంలో ఉండి మెడ దగ్గరే ఊపిరి మింగుతున్నాను. షెడ్డులోకి అడుగుపెట్టగానే ఇది ముడుచుకుపోతుంది. చూశాను. గుమ్మం దగ్గరే తెలుస్తుంది."

అప్పటినుంచి రోజూ గుమ్మం దగ్గర ఆగేది. వెనకవాళ్ళు తోస్తున్నా సరే, ఒక్క ఊపిరి వదిలి, అది ఎక్కడ తెగుతోందో చూసుకుని లోపలికి వచ్చేది. కోపం సంగతి కూడా అప్పుడే కనిపెట్టింది. కోపం తలలో పుడుతుందనుకునేదట. కాదు, బొడ్డు కింద మొదలై, పక్కటెముకల్లోకి పాకి, గొంతులోకి వచ్చి అరుపైపోతుంది. అరుపు అయిపోయాక ఏమీ మిగలదు, నీరసం తప్ప. "ఇన్నేళ్ళూ వాళ్ళ ముందు పారబోశాను" అంది.

ఒకరోజు క్లాసులో టీచరమ్మ వేళ్ళమీద దృష్టి పెట్టమంది. ఎప్పుడూ నోరు విప్పని మరకలమ్మాయి మెల్లగా అంది: "నా వేళ్ళలో చీమలు పాకినట్టు ఉంటోంది టీచరమ్మా."

టీచరమ్మ మొహం వెలిగిపోయింది. "చూశారా! అదే ప్రాణం మేలుకోవడం. ఇంత తొందరగా అందరికీ రాదు. చాలా అదృష్టవంతురాలివమ్మా."

అందరం ఆ పిల్లవైపు కాస్త అసూయగా చూశాం. పిల్ల సిగ్గుపడుతూ నవ్వింది. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. క్లాసు అయ్యాక ఆ పిల్ల పక్కన కూర్చుని, డబ్బాలోది తనకింత పెట్టి అడిగింది.

"ఆ చీమలు ఎప్పుడుంటాయే? ఊపిరి పట్టినప్పుడా?"

"ఎప్పుడూ ఉంటాయక్కా. పడుకున్నా ఉంటాయి. పాదాల్లో కూడా."

"వెచ్చగా ఉంటుందా?"

"వెచ్చగానా? మొద్దుబారినట్టుంటుంది. నిన్న కాఫీ గ్లాసు జారిపోయింది. పట్టుకున్నాననే అనుకున్నా."

పెద్దమ్మ చెయ్యి ముద్ద దగ్గరే ఆగిపోయింది. లేచి, సంచి సర్దుకుంటున్న టీచరమ్మ దగ్గరికి గబగబా వెళ్ళింది. నేనూ వెనకాలే పరిగెత్తాను, కొడుతుందేమోనని భయమేసి.

"ఇలా రండి. ఆ మూల బల్ల దగ్గర కూర్చోండి."

"ఎందుకమ్మా?"

"ప్రాణం మేలుకుంటోందన్నారుగా. మీదీ మేలుకుంటుంది. కూర్చోండి."

బెల్లు మోగింది. మరకలమ్మాయి తుపాకీ అందుకుని పని మొదలుపెట్టింది. టీచరమ్మ ఆ పక్కనే స్టూలు మీద కూర్చుని, మాకు నేర్పినట్టే నిండుగా ఊపిరి లోపలికి లాగింది. లాగిన గాలి వదిలేదాకా కూడా ఉండలేకపోయింది. దగ్గు తెర కమ్మేసింది. కళ్ళవెంట నీళ్ళు. కొంగుతో నోరు నొక్కుకుని గుమ్మం బయటికి పరిగెత్తింది. పెద్దమ్మ ఆవిడ వెనకే వెళ్ళి వీపు నిమిరింది, నిమురుతూనే తిట్టింది.

"నాలోదీ చీమలేనా అని భయపడి చూసుకున్నాను. కాదు. నాది వస్తుంది, పోతుంది, వచ్చినప్పుడు ప్రాణం లేచొస్తుంది. ఆ పిల్లది పోదు. గ్లాసు జారిపోతోంది తల్లీ దానికి! దాని నరాలు చచ్చిపోతుంటే మీరు అదృష్టమని చెప్పారు. నలుగురిలో. అది నవ్వింది కూడా!"

టీచరమ్మ ఎర్రబడ్డ కళ్ళతో పెద్దమ్మ వైపు చూసి, నేల చూపులు చూస్తూ వెళ్ళిపోయింది.

మర్నాడు వస్తుంది, మంచుబాబుతో ఏదో ఒకటి తేలుస్తుంది అనుకున్నాం. వచ్చింది. మామూలుగానే క్లాసు చెప్పింది. ఊపిరి బిగబట్టే భాగం మాత్రం వదిలేసింది. అద్దాల గది వైపు ఒకసారి చూసి, చూపు తిప్పుకుంది. పెద్దమ్మ పళ్ళు నూరింది. "దీనికంటే వాడే నయం. వాడు ఏమీ తెలియనట్టు నటిస్తున్నాడు. ఈవిడకి తెలిసి కూడా నీళ్ళు నములుతోంది."

మరకలమ్మాయిని ఆ బల్ల మార్చమని పెద్దమ్మ సూపర్‌వైజరుని అడిగింది. లోడు వెళ్ళాక చూద్దామన్నాడు. లోడు వెళ్ళాల్సిన రోజే ఆ పిల్ల మళ్ళీ పడిపోయింది. ఈసారి వాలిపోలేదు, స్టూలుతో సహా వెనక్కి పడింది. తల నేలకి తగిలిన చప్పుడు ఆ షెడ్డు అవతలి చివరన ఉన్న నాకు కూడా వినిపించింది. నోట్లోంచి నురగ. ఆటోలో ఆసుపత్రికి పంపించారు. వాళ్ళమ్మకి ఫోను చేశారు. అంతా అయ్యాక మంచుబాబు బయటికొచ్చి, కళ్ళజోడు తుడుచుకుంటూ అన్నాడు.

"అందుకే చెప్పేది, యోగా శ్రద్ధగా చెయ్యండని. మధ్యలో నాలుగు రోజులు క్లాసుకు రాలేదట కదా ఆ అమ్మాయి. ప్రాణశక్తి తగ్గితే ఇలాగే ఉంటుంది. సరే, పని చూడండి. లారీ వచ్చేసింది."

అందరం పెద్దమ్మ వైపు తిరిగాం. ఇప్పుడు ఆవిడ నోటికి అడ్డు ఉండదని మాకు తెలుసు. నేను ఆవిణ్ణే చూస్తున్నాను. పెదాలు బిగించింది. చెయ్యి పొట్టమీదికి వెళ్ళింది. ఊపిరి వదిలింది, పొడుగ్గా, చప్పుడు లేకుండా. అరుపు రాలేదు. దాన్ని ఆవిడ గొంతు దాకా రానివ్వలేదు, అంతే. ఇస్త్రీ పెట్టెని దాని దిమ్మె మీద పెట్టింది. బల్ల కింద స్విచ్చి కట్టేసింది. ఆవిరి బుస్సుమని ఆగిపోయింది.

"క్లాసుకి వేళయింది," అంది మామూలు గొంతుతో. "బయట."

తన అట్టముక్క చంకన పెట్టుకుని నడిచింది. పక్క బల్ల స్విచ్చి కట్టేశారు. దాని పక్కది. ఒక్కొక్క ఆవిరి ఆగుతుంటే షెడ్డులో నేనెప్పుడూ వినని నిశ్శబ్దం. నేనూ చేతిలో చొక్కా అలాగే వదిలేసి వెళ్ళాను.

ఆవరణలో లారీ వెనక తలుపులు తెరుచుకుని నిలబడి ఉంది. పెద్దమ్మ సరిగ్గా దాని ముందు, గేటుకి అడ్డంగా అట్ట పరిచి కూర్చుంది. మేమంతా చుట్టూ కూర్చున్నాం. డ్రైవరు హారను కొట్టబోయి, ఆవిడ చూపు చూసి మానుకున్నాడు.

మంచుబాబు మెట్లమీదికొచ్చి అరిచాడు. ఉద్యోగాలు పోతాయన్నాడు. పోలీసులన్నాడు. ఎవరు నేర్పారు మీకిదంతా అన్నాడు.

"మీరే," అంది పెద్దమ్మ. "బ్యానరు కూడా మీరే కట్టించారు."

అప్పుడే టీచరమ్మ గేటు దగ్గరికొచ్చింది, రోజూ వచ్చే వేళకే. మా అందరినీ చూసింది, మెట్లమీద ఆయన్ని చూసింది. ఆయన పెద్దగా పిలిచాడు. "మేడమ్, వీళ్ళని లోపలికి తీసుకెళ్ళి మీ క్లాసేదో చెప్పండి! కొంచెం శాంతింపజెయ్యండి!"

పెద్దమ్మ ఆవిడ వైపు చూడను కూడా చూడలేదు. చివరికి టీచరమ్మ చెప్పులు విప్పి, గేటు లోపలికొచ్చి, వట్టి నేలమీద మా వరసలో కూర్చుంది.

"లోపల నేను నేర్పలేను సార్," అంది. "అక్కడ నిండుగా ఊపిరి పీల్చమంటే విషం పీల్చమన్నట్టే. నేను ఇన్నాళ్ళూ అదే చెప్పాను వీళ్ళకి. ఆ అమ్మాయి చేతులు మొద్దుబారాయంటే మంచి గుర్తు అన్నాను. ఇక నా వల్ల కాదు."

పెద్దమ్మ అప్పుడు తిరిగి చూసింది. "ఇన్నాళ్ళకి నోరొచ్చింది" అని గొణిగి, తన అట్టలో సగం అటు జరిపింది.

లారీ ఆ పూట వెళ్ళకపోతే చొక్కాలు విదేశానికి తీసుకెళ్ళే ఓడ తప్పిపోతుందట. మా ఊపిరికి లేని విలువ ఓడకి ఉంది. ఎండ వాలకముందే మంచుబాబు పంపిన మనుషులొచ్చి నిచ్చెనలు వేసి చెక్కపట్టీలు పీకారు. ప్లాస్టిక్ పట్టాలు చిరుగుతున్న చప్పుడు బయటికి వినిపించింది. ఫ్యాను కన్నంలో అట్టలు తీసేశారు. మరకల బల్లని షెడ్డు బయట, వెనక వసారాలోకి మార్చారు. అవన్నీ కళ్ళారా చూసేదాకా పెద్దమ్మ లేవలేదు. మధ్యలో ఎవరో లేవబోతే "కూర్చో! ఇంకో ఊపిరి తీసుకో!" అని కసిరింది.

గెలిచామని మేం ఎగిరి గంతేస్తుంటే ఆవిడ మా మీద విరుచుకుపడింది. "దేనికే సంబరం? ఒక్క పూటలో అయ్యే పని. ఇన్నేళ్ళు చెయ్యలేదు. ఆ పిల్ల తల పగిలితే చేశాడు."

టీచరమ్మని మళ్ళీ రావద్దన్నారు. పెద్దమ్మని పనిలోంచి తియ్యలేదు గానీ, చొక్కా చేతుల అంచులు ఇస్త్రీ చేసే కఫ్‌ల బల్లకి మార్చారు. వంగి వంగి నడుము విరిగే పని అది. వదులుకుని పోతుందని వాళ్ళ ఆశ. పోలేదు. కొత్త సంవత్సరానికి కంపెనీ క్యాలెండరు వేసింది. అందులో ఒక పేజీకి మేం ఆవరణలో కళ్ళు మూసుకు కూర్చున్న ఫోటో. ఎవరు తీశారో! లారీని కత్తిరించేశారు, మెట్లమీద అరుస్తున్న ఆయన్ని కత్తిరించేశారు. కింద "ప్రశాంతమైన పని వాతావరణం" అని అచ్చేశారు. పెద్దమ్మ ఆ పేజీ చూసి ఎంత తిట్టిందో, ఆ తిట్లలో కొన్ని పెదనాన్నకి కూడా కొత్తవి.

మరకలమ్మాయి ఫ్యాక్టరీకి మళ్ళీ రాలేదు. పెద్దాసుపత్రి డాక్టరు ఆ మందు నరాలని తినేసిందన్నాడు. కొంత తిరిగొస్తుంది, కొంత రాదు అన్నాడు. గుండీ పెట్టుకోవడానికి కూడా వాళ్ళమ్మ కావాల్సొచ్చేది. పెద్దమ్మ సెలవు రోజుల్లో ఆ పిల్లని తన డాబా మీదికి తీసుకొచ్చేది. టీచరమ్మా వచ్చేది. మొదట్లో పెద్దమ్మ ఆవిడతో వేరే మాట మాట్లాడేది కాదు, నేర్చుకునేది మాత్రమే. "మీ మీద కోపం పోలేదు, పోదు కూడా. మీకు తెలిసింది చెప్పండి" అనేది. ఆవిడ తల వంచుకుని చెప్పేది. ఈసారి మొద్దుబారిన వేళ్ళకి ఏ పేరూ పెట్టలేదు. ఏది ఉందో అదే చెప్పమనేది. లేకపోతే లేదనమనేది.

ఒకరోజు ఊపిరి వదులుతూ వదులుతూ ఆ పిల్ల ఉన్నట్టుండి కళ్ళు తెరిచింది. మొహం ఎర్రగా కందిపోయింది.

"అక్కా, నాకు... నాకు వాళ్ళని చంపెయ్యాలన్నంత కోపంగా ఉంది."

టీచరమ్మ కంగారుగా ఏదో అనబోయింది. పెద్దమ్మ చెయ్యి ఎత్తి ఆపింది.

"ఎక్కడుందే?"

"ఇక్కడ." పొట్ట చూపించింది. "వేడిగా ఉంది. చేతుల్లోకి వస్తోంది."

"రానీ. అరవకు, ఏడవకు, మింగకు. అలా పట్టుకో. అది నీదే. నీలో ఇంకా ఉందన్నమాట."

ఆ నెలలోనే ముగ్గురూ కలిసి కార్మిక శాఖ ఆఫీసుకి వెళ్ళారు, నష్టపరిహారం కేసు పెట్టడానికి. నేనూ తోడు వెళ్ళాను. అక్కడి ఆఫీసరు కాగితాలు తిరగేసి, తర్వాత రమ్మన్నాడు. తర్వాత వెళితే ఇంకోసారి రమ్మన్నాడు. ఆ ఇంకోసారి పెద్దమ్మ కుర్చీ లాక్కుని ఆయన బల్లకెదురుగా కూర్చుంది. మిగతా ఇద్దరినీ చెరో పక్క కూర్చోబెట్టింది.

"కొంచెం శాంతంగా ఉండండమ్మా," అన్నాడు ఆఫీసరు, ఆవిడ ఇంకా ఏమీ అనకముందే.

"శాంతంగానే ఉన్నాను బాబూ. అందుకే సాయంత్రం దాకా కూర్చోగలను. రేపూ కూర్చోగలను," అంది పెద్దమ్మ, వెన్ను నిటారుగా పెట్టుకుని. "మీరు రాసుకోండి. ఇదిగో, ఈ అమ్మాయి చెబుతుంది."

మరకలమ్మాయి మొద్దుబారిన చేతులు రెండూ బల్లమీద పెట్టి, మొదటినుంచి చెప్పడం మొదలుపెట్టింది.